అరవై ఏడు లక్షల అయ్యవారు

నిన్న తరగతిలో ఒక విద్యార్థిని నల్లబల్ల దగ్గరకు పిలిచి, "ఇరవై లక్షల మూడు వందల ఐదు" అని చెప్పి అంకెలలో వ్రాయమన్నాను. అతడు వ్రాసినదానిలో ఒక సున్న తగ్గినది. ఇటువంటి పొరపాటు ఏటేటా ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు. "సున్న ఏమైనది?" అని గద్దించడం ఉపాధ్యాయులకు అలవాటైన పని. నిన్న నాకు ఆ మాట నోట రాలేదు. సుద్దముక్క తీసుకొని నేనే ఆ సున్నను దాని చోట పెట్టి, పాఠం ముగిసేవరకు కుర్చీలో కూర్చుండిపోయినాను. 

ఆ సున్న వెనుక నాకు ఒక మనిషి కనబడినాడు. ఆయన పేరు ఇక్కడ వ్రాయను. వ్రాసే యోగ్యత నాకు లేదు.

ఆయన ఉదయగిరిలో వీధిబడి నడిపేవారు. కొండ కోట నీడ సాయంకాలం చేరేచోట ఒక రాతి అరుగు, దానిపై పిల్లలు, వారి నడుమ ఆయన. ఊరివారు ఆయనను "అరవై ఏడు లక్షల అయ్యవారు" అనేవారు. పంచెకు మూడు చోట్ల ముడులు వేసి కట్టుకొనే మనిషికి ఆ బిరుదు ఎందుకు ఇచ్చినారో వేరే చెప్పనక్కరలేదు. ఆయన సంతవీధిలో నడుస్తుంటే అంగళ్ల నుండి కేకలు వచ్చేవి.

"ఏం అయ్యవారూ, లక్షలు పదిలంగా ఉండాయా? దొంగలు తిరగతా ఉండారు, చూసుకో!"

ఆయన ఆగి, తిరిగి చూచి, గంభీరంగా జవాబు చెప్పేవారు. "దొంగలు వస్తే రానీరా. ఎంతమంది వచ్చినా దాన్ని సరిగా పంచుకోలేరు. పంచుకోలేక వాళ్లల్లో వాళ్లే కొట్టుకొని చస్తారు. అందుకే నేను తలుపు వేసుకోను."

అంగళ్లవారు నవ్వేవారు. ఆ జవాబులో పరిహాసం లేదనీ, అది నిఖార్సయిన గణితమనీ వారికి తెలియదు. ఆ రోజులలో నాకూ తెలియదు.

ఆయన ఆస్తి ఒక సంఖ్య. అరవై ఏడు లక్షల నాలుగు వందల పదిహేడు. దానిని ఒకటితో తప్ప, మరల దానితోనే తప్ప, ఏ సంఖ్యతో భాగించినా శేషం మిగులుతుందని ఆయన నమ్మకం. అటువంటి సంఖ్యలను ఆయన "మొండివి" అనేవారు. మూడు మొండిది, ఏడు మొండిది, పదకొండు మొండిది. చిన్న మొండివాటిని ఎవరైనా గుర్తుపట్టగలరు. ఇంత పెద్ద మొండిదానిని పట్టుకొన్నవాడు ఈ సీమలో మరొకడు లేడని ఆయన గర్వం. నేనెరిగినంతలో ఆయనకు ఉన్న గర్వం అదొక్కటే.

అది ఆయనకు దొరికిన విధం చిత్రమైనది. ఒక వడ్లగింజతో మొదలుపెట్టి ముప్పై రెండు మార్లు రెట్టింపు చేసి, చివర ఒక గింజ కలిపితే, నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్ల పైచిలుకు వస్తుంది. ఆ మహారాశి మొండిదని ఆయన యౌవనంలో నమ్మినారట. ఒకనాడు ఆరు వందల నలభై ఒకటి పెట్టి భాగిస్తే, అది శేషం లేకుండా రెండు ముక్కలైనది. ఒక ముక్క ఆరు వందల నలభై ఒకటి. రెండవ ముక్కే ఈ అరవై ఏడు లక్షల సంగతి.

"పెద్దది నన్ను మోసం చేసినాది," అనేవారు. "దాని కడుపున పుట్టిన ఈ ముక్క మాత్రం చెయ్యదు."

ఐరోపాలో ఒక మహాపండితుడు కూడా ఆ పెద్ద రాశిని అట్లే నమ్మి అట్లే మోసపోయినాడని నేను చాలా కాలానికి చెన్నపట్టణంలో చదివినాను. ఆ పండితునికి శిష్యులూ గ్రంథాలూ మిగిలినవి. మా అయ్యవారికి ఒక కుండ మిగిలినది. దాని సంగతి తరువాత చెబుతాను.

అరవై ఏడు లక్షలను పరీక్షించడానికి అరవై ఏడు లక్షల భాగహారాలు చేయనక్కరలేదని ఆయన మాకు తక్కెడ చూపించి చెప్పేవారు. "రెండు లెక్కలు గుణిస్తే ఇది వచ్చిందనుకో. ఒకటి పెద్దదైతే రెండోది చిన్నది కావాల గదా. చిన్నదాన్ని మనం ముందే చూసేస్తిమి. రెండువేల ఐదు వందల ఎనభై ఎనిమిది దాకా చూస్తే చాలు. ఆ పైన చూసేవాడు తిక్కలోడు." అంతలోపల ఉన్న మొండి సంఖ్యలు మూడు వందల డెబ్బై ఆరు. ఒక్కొక్కదానితో భాగించి, శేషం మిగిలితే ఒక చింతగింజ కుండలో వేసేవారు. బడి పిల్లలు ఎక్కాలు వల్లిస్తుంటే ఆయన పలక ఒడిలో పెట్టుకొని తన పని తాను చేసుకొనేవారు. ఎక్కంలో ఎవడైనా తడబడితే మాత్రం తల ఎత్తకుండానే వాడి పేరు పెట్టి పిలిచేవారు.

ధాత నామ సంవత్సరపు కరువు వచ్చినప్పుడు ఆ కుండ మూడు వంతులు నిండి ఉండినది. ఆ కరువులో మా సీమవారు ఏమి తిన్నారో తెలిసినవారికి నేను చెప్పబోయేది వింతగా ఉండదు. అయ్యవారమ్మ, అనగా ఆయన భార్య, ఒకనాడు ఆ చింతగింజలను వేయించి, పొట్టు తీసి, ఉడకబెట్టినది. ఆయన తిన్న తరువాత గాని అవి ఏ గింజలో అడగలేదు.

"మూడేండ్ల లెక్క," అన్నారట ఆయన, విస్తరి వైపు చూస్తూ. "ఒక పూటకు చాల్లేదే."

"ఇంకో మూడేండ్లు లెక్కబెట్టి ఉంటే రెండు పూటలకు వచ్చేది," అన్నదట ఆమె.

పంచడానికి ఇంటిలో గింజ లేని ఆ దినాలలో ఆయన అరవై ఏడు లక్షలను పంచుతూ కూర్చున్నారు. మళ్లీ మొదటినుండి ఎత్తుకొన్నారు. ఈమారు వాగులోని గులకరాళ్లు తెచ్చుకొన్నారు. "వీటిని వండలేదు గదా," అని నాతో అన్నారు. కరువు తీరి బహుధాన్య సంవత్సరం వచ్చేనాటికి మూడు వందల డెబ్బై ఆరు రాళ్లు కుండలో పడినవి. ఆయన రెండు కన్నులలోనూ పొరలు వచ్చినవి. పలకపై అంకెలను అరచేయంత పెద్దవిగా వ్రాసి, ముక్కు ఆనించి చూచుకొనేవారు.

ఆయన అలవాటు ఇంకొకటి చెప్పకపోతే ఈ చిత్రం వ్యర్థం. ఆయన సున్నను నోటితో పలికేవారు కాదు. సంఖ్యను లక్షలు, వేలు అనకుండా ముక్కలుగా మాకు వ్రాయించేటప్పుడు, సున్న ఉన్నచోట ఆగి, చూపుడు వేలితో అరుగును ఒకమారు తట్టేవారు. రెండు సున్నలుంటే రెండు తట్లు. "లేనిదానికి నోటితో పేరేందిరా? దానికి చోటు ఇవ్వండి, చాలు." అరవై ఏడు అని, టక్ టక్ అని రెండుమార్లు తట్టి, నాలుగు వందల పదిహేడు అనేవారు. రాతి అరుగుపై ఆ గోటి చప్పుడు వీధి చివరకు వినబడేది. పిల్లకాయలందరి వేళ్లూ ఇసుకలో రెండు సున్నలు చుట్టేవి. వారిలో నా వేలు కూడా ఒకటి. మా నాయన బావి దగ్గర ఎడ్లతో కపిల తోలి, నీళ్లు తోడి బ్రతికినవాడు. మా వంశంలో సున్న చుట్టిన మొదటి వేలు నాది. చుట్టించినది ఆయన.

నేను నెల్లూరులో మెట్రిక్యులేషన్ పరీక్ష వ్రాసి, బడుల తనిఖీ చేసే డిప్యూటీగారి వద్ద గుమాస్తాగా ఆత్మకూరు చేరినాను. కరువు తరువాత వీధిబడులలో యోగ్యమైనవాటిని ఎంచి సర్కారు పట్టికలో చేర్చుతున్నారు. పట్టికలో చేరిన బడి నిలుస్తుంది. చేరనిది మూతపడుతుంది. అయ్యవారికి జీతంగా పిల్లలతో బియ్యం పంపగలిగిన ఇళ్లు ఉదయగిరిలో అప్పటికి నాలుగైదు మించి లేవు. నేనే ఆయనకు కబురు పంపినాను, డిప్యూటీగారు గణితప్రియులు, వచ్చి కనబడమని. నా బుద్ధికి అది ఉపకారంగానే తోచింది.

ఆయన కండ్లు కనబడని మనిషి. ఒక బండివాని వెంట కొంత దూరం, నడిచి కొంత దూరం వచ్చి, అనుమసముద్రంపేట దర్గాలో తలదాచుకొని, మూడవనాటి ఉదయానికి ఆత్మకూరు బంగళా చేరినారు. డిప్యూటీగారు వసారాలో కుర్చీలో ఉన్నారు. వారి పక్కన బల్ల ముందు నేను. అయ్యవారిని కింద పరచిన జంపఖానా మీద కూర్చోమన్నారు. నేను లేచి నమస్కరించవలసినది. సగం లేచి కూర్చున్నాను.

"ఏమయ్యా, నీకు గణితంలో ఏమి వచ్చు?" అని డిప్యూటీగారు అడిగినారు. వారు కోస్తా పట్టణాలలో పెరిగినవారు, చురుకైనవారు, చెడ్డవారు కారు. తమ చురుకుదనాన్ని తామే ఎక్కువగా ఇష్టపడేవారు.

"నా దగ్గిర ఒక మొండి లెక్క ఉండాది సామీ. చెప్పమంటే చెబుతాను. తమరు పగలగొట్టి చూడండి. పగిలితే నేను వచ్చిన దోవనే పోతాను."

డిప్యూటీగారు ఉత్సాహంగా ముందుకు వంగినారు. "వ్రాసుకో," అని నాతో అన్నారు.

అయ్యవారు నిటారుగా కూర్చొని, బడిలో చెప్పినట్లే చెప్పినారు. "అరవై ఏడు." ఆయన వేలు రెండుమార్లు లేచి పడినది. "నాలుగు వందల పదిహేడు."

జంపఖానాపై ఆ వేలు చప్పుడు చేయలేదు. నేను కాగితం వైపు చూస్తున్నాను గాని ఆయన చేతి వైపు చూడలేదు. అప్పటికి నాకు ఇంగ్లీషు పద్ధతిలో మూడేసి అంకెలకు ఒక కామా పెట్టడం కొత్తగా అబ్బిన విద్య. అరవై ఏడు వ్రాసి, మధ్యలో సున్న ఉండవలెనని గుర్తుకు వచ్చి ఒక సున్న వ్రాసి, కామా పెట్టి, నాలుగు వందల పదిహేడు వ్రాసినాను. 670,417. ఇటు మూడు, అటు మూడు. కంటికి ఎంతో పొందికగా ఉన్నది. ఇసుకలో వ్రాసిన వేలు అయితే రెండు సున్నలూ చుట్టి ఉండేది. కలం పట్టిన వేలు చుట్టలేదు.

డిప్యూటీగారు కాగితం అందుకొని సంఖ్యను ఇంగ్లీషులో పైకి చదివినారు. తెలుగులో "ఆరు లక్షల డెబ్బై వేల" అని చదివి ఉంటే, అయ్యవారు ఆ క్షణమే చెయ్యి అడ్డం పెట్టి ఉండేవారు. ఇంగ్లీషు ఆయనకు రాదు. నాకు వచ్చు, కాని నా చెవి నిద్రపోయినది. డిప్యూటీగారు అంకెలను ఒకటి విడిచి ఒకటి కూడినారు. ఒక వైపు ఏడు, ఒక వైపు పద్దెనిమిది. తేడా పదకొండు వస్తే ఆ సంఖ్య పదకొండుతో భాగింపబడుతుంది. వారికి రెప్పపాటు కాలం పట్టినది.

"పదకొండుతో పోతుందయ్యా నీ మొండిది!" అని నవ్వినారు.

అయ్యవారు నవ్వలేదు. "పదకొండా? పదకొండును మొదటి దినమే చూసినానే సామీ."

"చూచినావో, చూచినాననుకొన్నావో. పదకొండుతో భాగిస్తే ఏమీ మిగలదు. ఏం గుమాస్తా?"

నేను ఇంకొక కాగితంపై భాగించి చూచినాను. సరిగ్గా సరిపోయినది. "అవునండి," అన్నాను.

అయ్యవారు ముఖం నా గొంతు వచ్చిన దిక్కుకు తిప్పినారు. డిప్యూటీగారు అన్న మాటను ఆయన నమ్మలేదు. నేను అన్నదానిని నమ్మినారు. "నువ్వు కూడా చూసినావా నాయనా? అట్లయితే సరే," అని లేచి, తడుముకొంటూ మెట్లు దిగినారు.

తన సంఖ్యే తనకు తెలియనివాడు పిల్లలకు ఏమి చెబుతాడని డిప్యూటీగారి అభిప్రాయం. "అంకగణితమున అసమర్థుడు" అనే నివేదికకు శుద్ధప్రతి వ్రాసినది నేనే. అక్షరాలు చక్కగా కుదిరినవి.

కొన్ని నెలల తరువాత వేరే పనిమీద ఉదయగిరి వెళ్లినాను. అరుగుపై ముగ్గురు పిల్లలు ఉన్నారు. ముగ్గురూ పదకొండవ ఎక్కం వల్లిస్తున్నారు. ముగించి మళ్లీ అదే మొదలుపెట్టినారు. బడికి పంపడం మానుకొన్న ఒక రైతు వీధిలోనే నాతో అన్నాడు. "ఏందబ్బా మీ అయ్యవారు, పొద్దన్నుంచీ మాపటిదాకా పదకొండే చెప్పిస్తుండాడు. మాకు పన్నెండో ఎక్కం అక్కర్లేదా?" అంగళ్లవారు అప్పటికే పేరు మార్చినారు. "పదకొండు అయ్యవారు" అంటున్నారు.

నా అడుగుల చప్పుడుకే ఆయన గుర్తుపట్టినారు. "రా నాయనా, కూర్చో. నాకు తొమ్మిది మిగలతా ఉండాది."

"ఏమి తొమ్మిది అయ్యవారూ?"

"పదకొండుతో భాగిస్తే. రోజూ తొమ్మిదే. ఆ సామికీ నీకూ ఏమీ మిగల్లేదు గదా. అంటే నేను యాడనో తొమ్మిది ఎక్కువ పెడతా ఉండాను. తలకాయలో ఏదో చెడినాది. పదకొండులోనే ఇట్లా చెడితే, తక్కిన మూడు వందల చిల్లర ఎట్లా నమ్మేది? రాళ్లన్నీ పారబోసినాను. మొదటినుంచీ చూడాల." ఆయన నా మోకాలిపై చెయ్యి వేసినారు. "నువ్వు చదువుకున్నోడివి. నా ఎదట ఒకసారి చెయ్యి. ఎక్కడ తప్పుతుండానో చూడు. అరవై ఏడు."

రాతి అరుగుపై ఆయన గోరు పలికినది. టక్, టక్.

"నాలుగు వందల పదిహేడు."

నాకు అంతా తెలిసిపోయినది.  ఒక్క మాట చెబితే సరిపోయేది, 'తప్పు మీది కాదు, నాది' అని. నేను చెప్పలేదు. ఉత్త చేతులతో చెప్పడమెందుకు, ఆత్మకూరు వెళ్లి నివేదిక దిద్దించి, బడిని పట్టికలో చేర్పించి, ఆ కాగితంతో వచ్చి చెబుదామనుకొన్నాను. పిరికితనానికి అంత అందమైన ముసుగు నాకు మరెన్నడూ దొరకలేదు.

"తీరికగా చూస్తాను అయ్యవారూ," అన్నాను.

"చూడు నాయనా. తొందరేమీ లేదు."

ఆత్మకూరులో డిప్యూటీగారు నా మాట పూర్తిగా విన్నారు. కోపగించలేదు. ఆ సమయానికి వారి బల్లపై ఇంకొక కాగితం ఉన్నది. నన్ను చెన్నపట్టణపు కాలేజీలో ఉపకార వేతనంతో చేర్చుకొనవలసినదని, ముఖ్యంగా గణితంలో నా జాగ్రత్త మెచ్చదగినదని వారు వ్రాసిన సిఫారసు.

"దిద్దుదాం, దానికేం," అన్నారు. "గుమాస్తా చేతి పొరపాటు అని వ్రాయాలి మరి. ఆ కాగితమూ ఈ కాగితమూ ఒకే టపాలో, ఒకే కచేరీకి పోతాయి. ఆలోచించుకో."

నేను ఆలోచించుకొన్నాను. ఒక కాగితమే పోయినది.

చెన్నపట్టణంలో కాలేజీ పుస్తకశాలలో లక్షల కొలది సంఖ్యలకు భాజకాలను ముద్రించిన బరువైన గ్రంథాలు ఉండేవి. వాటిని తెరవకుండా రెండేండ్లు గడిపినాను. మూడవ ఏట, పట్టా పరీక్ష ముందు ఒకనాడు తెరిచినాను. పుటల నిండా అంకెలు. వేలితో వరుస వెంట దిగి ఆ చోటికి వచ్చినాను. భాజకం ఉండవలసిన గడిలో ఒక చిన్న గీత ఉన్నది. భాజకం లేదని దాని అర్థం. ఒక దేశంలో ఎవరో ఒక జీవితం వెచ్చించి వేసిన ఆ గీతను, ఉదయగిరి అరుగుపై ఒకాయన ముందే వేసి ఉన్నారు. వేసినదానిని నేను తుడిచినాను.

పట్టా చేతికి వచ్చిన వారానికి ఉదయగిరి వెళ్లినాను. అరుగుపై ఎవరో మేకను కట్టి ఉన్నారు. అయ్యవారు పోయి సంవత్సరం దాటినదని మేకను కట్టినవాడే చెప్పినాడు. అయ్యవారమ్మ లోపలి నుండి వచ్చి, నన్ను పోల్చుకొని, పీట వేసినది. ఆమె కూర్చోలేదు.

"మొదటినుంచీ ఎత్తుకున్నాడు గదా," అన్నది. "రెండు, మూడు, ఐదు, ఏడు. నాలుగు రాళ్లు వేసినాడు. పదకొండు కాడ ఆగిపోయినాడు. ఐదో రాయి చేతిలో పెట్టుకొని కూర్చొనేవాడు. వెయ్యి అంటే, తొమ్మిది యాడనుంచి వస్తుందో తెలీకుండా ఎట్లా వేస్తానే అనేవాడు. చదువుకున్నోడు చూస్తానన్నాడు, వస్తాడులే అనేవాడు." నా వైపు తిరిగి, "ఆ పదకొండు సంగతి ఏమైనాది నాయనా? పోతుందా, పోదా?" అని అడిగినది.

"పోదమ్మా. ఆయన లెక్కే సరి. సున్న ఒకటి నేను విడిచిపెట్టినాను."

"ఎప్పుడు తెలిసినాది నీకు?"

అబద్ధం ఆడడానికి అదొక్కటే అవకాశం. ఆ అవకాశమైనా నేను వాడుకోలేదు. "ఆ రోజు అరుగు మీద ఆయన పక్కన కూర్చున్నప్పుడే," అన్నాను.

ఆమె నన్ను తిట్టలేదు. ఏడవలేదు. మూలనున్న కుండ తెచ్చి, నా చెయ్యి పట్టి తెరిపించి, అందులోని నాలుగు రాళ్లనూ అరచేతిలో వంచినది.

"ఇవి నువ్వు ఎత్తుకొని పో," అన్నది. "కుండ నాకు కావాల. నీళ్లకు."

ఆ నాలుగు రాళ్లు ఇప్పుడు నేను వ్రాస్తున్న బల్లపై, గోడకు తగిలించిన నా పట్టా కింద ఉన్నవి. ఐదవది నేను వేయలేదు.